రెండు డాలర్ల పదమూడు సెంట్లు

ఖమ్మం నుంచి ఒక పాఠకుడు నిలదీశాడు: ‘‘ఇంగ్లీషు సినిమాల్లో హీరో హోటల్లో కాఫీ సగం తాగుతాడు. ఇంతలో రోడ్డు మీద విలన్ కారు కనబడుతుంది. పరిగెత్తబోతూ కూడా జేబులోంచి నోట్లు తీసి బల్ల మీద పడేసి మరీ పోతాడు. బిల్లు అడగడు, చిల్లర అడగడు. మన హీరో అయితే కుర్చీ తన్నేసి పోతాడు. ఏమిటండీ ఆ మర్యాద? అక్కడ అందరూ అంత డబ్బున్నవాళ్లా?’’

ప్రశ్న భేషుగ్గా ఉంది. జవాబు మాత్రం కాస్త పొడుగు. బల్ల మీద పడ్డ ఆ నోట్లలో కాఫీ ఖరీదు కొంతే. మిగతాది ఆ కాఫీ తెచ్చిన అమ్మాయి జీతం. బహుమానం అనుకునేరు, కాదు. జీతమే!

అసలు ఆ దేశంలో బోర్డు మీద ఉన్న ధరకీ మన జేబులోంచి పోయే డబ్బుకీ పొంతన ఉండదు. మన దగ్గర సబ్బు కొన్నా, బిస్కెట్ పొట్లం కొన్నా ‘అన్ని పన్నులూ కలుపుకుని’ అని అచ్చువేసిన ధర ఉంటుంది. అంతకు రూపాయి ఎక్కువ అడిగితే కొట్టువాడితో తగాదా పెట్టుకుంటాం. అమెరికాలో చొక్కా చీటీ మీద 20 డాలర్లని ఉంటే 20 డాలర్లు సరిపోవు. అమ్మకం పన్ను కౌంటర్ దగ్గర కలుపుతారు. అది రాష్ట్రానికో తీరు, ఒకే రాష్ట్రంలో ఊరికో తీరు. టెక్సస్‌లో రాష్ట్ర పన్ను 6.25 శాతం, ఊరివాళ్లు వేసుకున్నది కూడా కలిస్తే 8.25 దాకా పోతుంది. పెన్సిల్వేనియా, న్యూజెర్సీల్లో మామూలు బట్టలకు పన్నే లేదు. ఆరెగాన్, డెలావేర్, మోంటానా, న్యూ హాంప్‌షైర్, అలాస్కాల్లో రాష్ట్రం తరఫున అమ్మకం పన్ను అనేదే లేదు. సరిగ్గా లెక్కపెట్టుకున్న డబ్బుతో కౌంటర్ దగ్గరకు వెళ్లిన కొత్తవాడు తెల్లమొహం వేయడం ఖాయం.

హోటల్లో ఇంకో మెట్టు ఎక్కువ. డాలస్‌లో ఇద్దరు కూర్చుని మెనూ ప్రకారం 40 డాలర్ల తిండి తిన్నారనుకోండి. పన్ను 3 డాలర్ల 30 సెంట్లు. టిప్పు 20 శాతం అంటే 8 డాలర్లు. వెరసి 51 డాలర్ల 30 సెంట్లు. వడ్డించిన అమ్మాయి మీ కార్డు పట్టుకుని లోపలికి వెళ్లిపోతుంది (మనవాళ్లకు గుండె జారేది ఇక్కడే), కాసేపటికి చీటీలు తెస్తుంది. అందులో టిప్పు గీత ఖాళీగా ఉంటుంది. ఆ అంకె వేసేది మీరు, మొత్తం కూడేది మీరు, సంతకం మీది. ఒకప్పుడు 15 శాతం అంటే మర్యాదస్తుడే. ఈ రోజుల్లో 18, 20 అంటున్నారు. కొన్నిచోట్ల నిలబడి కాఫీ కప్పు అందుకున్నా సరే, తెర ఒకటి మీ వైపు తిప్పి ‘18నా, 20నా, 25నా’ అని అడిగిస్తారు. వెనక క్యూలో పదిమంది చూస్తుంటారు. దాన్ని మాత్రం నేను మర్యాద అనను. మొహమాటపెట్టి గుంజుకోవడం అంటాను.

వడ్డించే పిల్ల సంగతి వేరు. ఆమె లెక్క ఇదీ. 1966లో కనీస వేతన చట్టాన్ని హోటళ్లకు విస్తరించినప్పుడు యజమానులకు ఒక సౌకర్యం ఇచ్చారు. టిప్పులు వచ్చే పనివాళ్లకు కనీస వేతనంలో సగం ఇస్తే చాలు, మిగతా సగం టిప్పుల్లోంచి వచ్చినట్టు రాసుకోవచ్చు. 1991లో కనీస వేతనం గంటకు 4 డాలర్ల 25 సెంట్లు, కాబట్టి వీళ్ల వాటా 2 డాలర్ల 13 సెంట్లు అయింది. 1996లో ఆ సగం లంకె కూడా తెంచేశారు. మామూలు కనీస వేతనం పెరిగి 2009లో 7 డాలర్ల 25 సెంట్లకు చేరింది. ఈ 2.13 మాత్రం కదల్లేదు. 1991 అంటే మనకు ‘గ్యాంగ్ లీడర్’ వచ్చిన ఏడాది. అప్పుడు ఆ బొమ్మకు ఈలలు వేసినవాళ్ల పిల్లలు ఇప్పుడు అమెరికాలో ఎమ్మెస్ చదువుతున్నారు. ఫెడరల్ చట్టంలో ఆ అంకె నేటికీ అదే!

టిప్పులు తక్కువ పడి గంటకు 7.25 రాకపోతే ఆ తేడా యజమాని భర్తీ చేయాలని చట్టంలో ఉంది. చాలా రాష్ట్రాలు 2.13 కన్నా ఎక్కువే ఇమ్మంటున్నాయి. కాలిఫోర్నియా, వాషింగ్టన్ మొదలైన ఏడు రాష్ట్రాల్లో టిప్పులతో సంబంధం లేకుండా పూర్తి కనీస వేతనం ఇవ్వవలసిందే. టెక్సస్‌లో మాత్రం ఆ 2.13తో సరి. మనవాళ్లు వేలాదిగా ఉండేది అక్కడే.

ఈ అలవాటు అమెరికాలో పుట్టింది కాదు. యూరప్ యాత్రలు చేసివచ్చిన సంపన్నులు గొప్పకోసం తెచ్చిపెట్టారు. వేళ్లూనడానికి కారణం వేరే. 1865లో అంతర్యుద్ధం ముగిసింది, బానిసత్వం పోయింది. జార్జ్ పుల్‌మన్ అనే ఆయన పడక పెట్టెలున్న రైళ్లు నడుపుతూ వాటిలో సేవకు విముక్తులైన నల్లవారిని పెట్టుకున్నాడు. జీతం నామమాత్రం, ప్రయాణికులు వేసే చిల్లరే బతుకు. బూట్లు తుడిచి, పక్కలు వేసి, నవ్వుతూ నిలబడాలి. వాళ్లకు సొంత పేరు కూడా దక్కలేదు. యజమాని పేరుతో అందరినీ ‘జార్జ్’ అనే పిలిచేవారు. 1925లో ఫిలిప్ రాండాల్ఫ్ నాయకత్వాన సంఘం పెట్టుకుని, 1937లో గానీ కంపెనీ చేత ఒప్పందం మీద సంతకం పెట్టించలేకపోయారు. ఈ కథతోనే 2002లో ‘టెన్ థౌజండ్ బ్లాక్ మెన్ నేమ్డ్ జార్జ్’ అనే టీవీ చిత్రం వచ్చింది. దొరికితే చూడండి. మధ్యలో 1909లో వాషింగ్టన్ రాష్ట్రం టిప్పును ఏకంగా నిషేధించింది, ఇంకొన్ని రాష్ట్రాలు దాని బాట పట్టాయి. 1926 నాటికి అన్నీ ఎత్తేశారు.

ఇక మన సబ్జెక్టుకు, అంటే సినిమాకు వద్దాం. మన చిత్రాల్లో హీరో మంచివాడని చెప్పాలంటే గుడిమెట్ల మీద ముసలమ్మకు రూపాయి ఇప్పిస్తారు. హాలీవుడ్ వారికి ఆ పని టిప్పు చేసిపెడుతుంది.

1992లో క్వెంటిన్ టరాంటినో తీసిన ‘రిజర్వాయర్ డాగ్స్’ మొదలయ్యేదే దీంతో. నల్ల సూట్లు వేసుకున్న దొంగలు దోపిడీకి పోయేముందు టిఫిన్ చేసి కూర్చున్నారు. బిల్లు పెద్దాయన కడతాడు, టిప్పుకు తలా ఒక డాలరు వేయాలి. స్టీవ్ బుస్సెమీ వేసిన మిస్టర్ పింక్ వేయనంటాడు. కాఫీ మూడుసార్లే నింపింది, ఆరుసార్లు నింపాలి అంటాడు. జీతం చాలకపోతే పని మానేయమంటాడు. మెక్‌డొనాల్డ్స్‌లో పిల్లలకు ఎవరూ టిప్పు ఇవ్వరు కదా, వాళ్లు మాత్రం పని చేయడం లేదా అని లా పాయింటు తీస్తాడు. తుపాకులు పట్టుకు తిరిగే మిగతా దొంగలు అతణ్ని నీతిలేనివాడిలా చూస్తారు! అదీ తమాషా. చివరికి పెద్దాయన గదమాయిస్తేనే డాలరు రాలుతుంది. రెండేళ్ల తర్వాత అదే దర్శకుడు ‘పల్ప్ ఫిక్షన్’లో అదే బుస్సెమీ చేత హోటల్ వెయిటర్ వేషం వేయించాడు. చమత్కారం అంటే అలా ఉండాలి.

1994లో వచ్చిన ‘ఇట్ కుడ్ హ్యాపెన్ టు యూ’లో నికొలస్ కేజ్ పోలీసువాడు. టిప్పుకు చిల్లర లేక, లాటరీ తగిలితే సగం నీదే అని బ్రిడ్జెట్ ఫోండాకు మాట ఇస్తాడు. లాటరీ తగులుతుంది. మాట నిలబెట్టుకుంటాడు, అసలు గొడవ అక్కణ్నుంచి మొదలు. కట్టుకథ అనుకుంటాం గానీ 1984లో న్యూయార్క్ రాష్ట్రంలో ఒక పోలీసు ఉద్యోగి నిజంగానే అరవై లక్షల డాలర్ల బహుమతిలో సగం వడ్డించే ఆవిడకు ఇచ్చాడు. ప్రేమ గీమ మాత్రం సినిమావాళ్ల మసాలా.

నాకు మటుకు వీటన్నిటికన్నా 1997 నాటి ‘యాజ్ గుడ్ యాజ్ ఇట్ గెట్స్’ ఇష్టం. హెలెన్ హంట్ అందులో వడ్డించే మనిషి. ఇంట్లో ఉబ్బసంతో ఊపిరాడని కొడుకు. ఆరోగ్య బీమా ఉంది గాని, పిల్లాడికి కావలసిన పరీక్షలు దాని కిందికి రావంటారు. ఉద్యోగం ఉండీ వైద్యం లేకపోవడం మనకు వింతగా ఉంటుంది. అక్కడి ప్రేక్షకులకు వింత కాదు. ఆమె బీమా వాళ్లను తిట్టిన చోట హాళ్లలో చప్పట్లు మోగాయి. ఆమెకు ఉత్తమ నటి ఆస్కార్ వచ్చింది.

నేను అమెరికా వెళ్లినప్పుడు వరసకు బావ అయ్యే ఒకాయన మాతో భోజనానికి వచ్చాడు. బిల్లు 70 డాలర్లు దాటింది. ఆయన మనసులో రూపాయల్లోకి మార్చుకుని, రెండు డాలర్లు బల్ల మీద పెట్టి, ‘‘మనూళ్లో ఇది నూట డెబ్భైకి పైమాటే, చాల్లే’’ అన్నాడు. మేం తలుపు దాకా వెళ్లామో లేదో ఆ అమ్మాయి వచ్చి, ‘‘ఏమైనా లోపం జరిగిందాండీ?’’ అని ఎంతో వినయంగా అడిగింది. బావకు అర్థం కాలేదు. మా మేనల్లుడు గబగబా వెనక్కి వెళ్లి పది డాలర్లు పెట్టివచ్చి, కారెక్కాక చెప్పాడు: ‘‘మావయ్యా, అది రూపాయల లెక్క కాదు. ఆ అమ్మాయి మన బల్ల చూసుకుంటూ ఇంకో రెండు బల్లలు వదులుకుంది.’’

ఆ కుర్రాడు అలా చెప్పడానికి కారణం ఉంది. వాడితో చదివే ఒకడు రాత్రిపూట ఒక హోటల్లో వడ్డించేవాడట. స్టూడెంటు వీసా మీద ఉన్నవాడు చదువు జరుగుతున్న రోజుల్లో వారానికి 20 గంటలు, అదీ యూనివర్సిటీ ఆవరణలోనే పని చేయాలి. బయట అనుమతి లేకుండా చేస్తే వీసా పోతుంది. అది తెలిసే ఆ యజమాని ‘‘గంటకింత అని ఏమీ లేదు, టిప్పులు నీవే’’ అన్నాడు. అంటే 2.13 కూడా ఎగ్గొట్టాడన్నమాట. చట్టప్రకారం ఆ పిల్లాడికీ వేతనం రావలసిందే. కాని ఫిర్యాదు చేస్తే ముందు తన గుట్టు బయటపడుతుందని నోరు మూసుకున్నాడు. మీలో ఎవరైనా ఈ ఏడాది విమానం ఎక్కబోతుంటే ‘టిప్పులు నీవే’ అనే మాట వినగానే అక్కణ్నుంచి లేచి వచ్చేయండి. నగదు కళ్లచూసి మోసపోకండి.

టిప్పు తీసేసి ధరలోనే కలిపేయొచ్చుగా అని మీరు అడగొచ్చు. 2015లో న్యూయార్క్‌లో డానీ మేయర్ అనే పేరుమోసిన హోటళ్ల యజమాని ఆ పనే చేశాడు. మెనూలో ధరలు పెంచి, టిప్పు వద్దన్నాడు. 2020లో మళ్లీ టిప్పు తెచ్చాడు. మెనూ మీద పెద్ద అంకె చూస్తే జనం జంకుతారు. చిన్న అంకె చూపించి చివర్లో కలిపితే చెల్లిస్తారు. 2024 ఎన్నికల్లో ట్రంప్, కమలా హారిస్ ఇద్దరూ టిప్పుల మీద ఆదాయపు పన్ను తీసేస్తామన్నారే గాని ఆ పద్ధతి తీసేస్తామనలేదు. 2025లో చట్టం కూడా వచ్చింది. ఏడాదికి 25,000 డాలర్ల టిప్పుల దాకా మినహాయింపు, 2028 వరకు.

అన్నట్టు, కొన్ని సినిమా హాళ్లలో చీకట్లో వంగి వచ్చి సీటు దగ్గరే భోజనం పెట్టి పోతారు. అక్కడా టిప్పు ఇవ్వాలి. మామూలు హాల్లో పాప్‌కార్న్‌కు అక్కర్లేదు. మన తెలుగు బొమ్మ ఆడుతుంటే తెర మీద ‘విశ్రాంతి’ అని పడుతుంది, ఎవరూ లేవకముందే రెండో సగం మొదలైపోతుంది. ఆ ముచ్చట వచ్చేవారం.