గోదావరి నవలలు నాలుగు – నిర్మొహమాటంగా నాలుగు మాటలు



గడచిన వేసవిలో నాలుగు తెలుగు నవలలు వరుసగా చదివి ముగించాను. నాలుగూ మన గోదావరి సీమవే. కందుకూరి వీరేశలింగం పంతులుగారి ‘రాజశేఖర చరిత్రము’ ధవళేశ్వరంలో ఆరంభమవుతుంది. మొక్కపాటి నరసింహశాస్త్రిగారి ‘బారిష్టరు పార్వతీశం’ మొగల్తూరు నుండి బయలుదేరుతాడు. అడివి బాపిరాజుగారి ‘నారాయణరావు’ది కొత్తపేట. మహీధర రామమోహనరావుగారి ‘కొల్లాయిగట్టితేనేమి?’ ముంగండ అగ్రహారపు కథ. వీటిలో మూడు నేను పునఃపఠనం చేసినవే. అయితే ఒకదాని వెంట ఒకటిగా చదివినప్పుడు కలిగే అభిప్రాయం వేరు. పక్కపక్కన నిలబెడితేనే గదా ఎవరు పొడగరో తెలిసేది!

ముందుగా ఒక మాట. మహానుభావుల రచనలను తప్పుపట్టడానికి మనమెంతవారం అని కొందరు పెద్దలంటారు. జయంతి సభలలో దండ వేసి, దీపం వెలిగించి, ‘తెలుగు నవలకు తలమానికం’ అని ఒక వాక్యం చెప్పి, శాలువా కప్పుకొని ఇంటికి రావడం మనకు అలవాటు. దీనివల్ల నష్టపోయేది రచయిత కాదు, పాఠకుడు. నా పూర్వవిద్యార్థి ఒకడు, ఇప్పుడు మంచి ఉద్యోగంలో ఉన్నవాడు, “మాస్టారూ, నారాయణరావు సగం చదివి ఆపేశాను. అంత గొప్ప నవల నాకెక్కలేదంటే నాకే సాహిత్యం అబ్బలేదన్నమాట” అన్నాడు. ఆపేసినందుకు నేను బాధపడలేదు. తనకే సాహిత్యం అబ్బలేదని తీర్మానించుకొని, తరువాత మరొక నవల ముట్టలేదట, అందుకు బాధపడ్డాను. విసుగు పుట్టేచోట విసుగు పుడుతుందని ఎవరైనా ముందుగా చెప్పి ఉంటే, అతడు ఆ పుటలు దాటుకొని వెళ్ళి ఉండేవాడు.

పైగా నిష్కర్షగా విమర్శించడం మన నేలకు కొత్త కాదు. ఇదే ముంగండకు చెందిన జగన్నాథ పండితరాయలు అప్పయ్య దీక్షితుల ‘చిత్రమీమాంస’ను ఖండిస్తూ ప్రత్యేకంగా ఒక గ్రంథమే రచించాడు. పంతులుగారి ‘రాజశేఖర చరిత్రము’నకు ‘వివేకచంద్రిక’ అని మరొక పేరు. దానిమీద కాశీభట్ట బ్రహ్మయ్యశాస్త్రిగారు ‘వివేకచంద్రికా విమర్శనము’ వెలువరించారు. అంత పాండిత్యం నాకు లేదు గాని, చదివినది చదివినట్టు చెప్పడానికి పాండిత్యం కంటె మొహమాటం లేకపోవడమే ముఖ్యం.

1. రాజశేఖర చరిత్రము

1878లో ‘వివేకవర్ధని’ పత్రికలో ప్రకటితమై, 1880లో పుస్తకంగా వచ్చింది. గోల్డ్‌స్మిత్ ‘వికార్ ఆఫ్ వేక్‌ఫీల్డ్’ ఛాయలు ఇందులో ఉన్నమాట అందరికీ తెలిసినదే. 1887లో హచిన్‌సన్ దొర ‘ఫార్చ్యూన్స్ వీల్’ పేరుతో దీనిని ఆంగ్లీకరించాడు కూడా.

ఈ నవలలో నేటికీ ప్రాణమున్న భాగమేదంటే, మొదటి ప్రకరణాలు. రాజశేఖరుడుగారి చావడిలో చేరిన భట్రాజులను చూడండి. ఆయన నోరు తెరవకముందే ఔనంటారు, తుమ్మితే చిరంజీవ అంటారు, డబ్బు అయిపోయిననాడు వీధి మలుపులో తప్పుకుంటారు. నూట నలభై ఏళ్ళు దాటినా వారిలో ఒక్కరూ ముసలివారు కాలేదు. నేటికీ ఏ పెద్దమనిషి అరుగు మీద చూసినా వారే! బంగారం చేసిపెడతానని వచ్చి ఉన్న బంగారంతో ఉడాయించిన బైరాగి సైతం అంతే. పంతులుగారు రాజమహేంద్రవరంలో పుట్టి పెరిగి ఇటువంటి వారిని కళ్ళారా చూశారు. చూసినది రాశారు.

ఎక్కడ నీరసిస్తుందంటే, ఆయన సంస్కర్తగా బెత్తం పట్టుకున్నచోట. జ్యోతిషానికొక ప్రకరణం, సోదెకొకటి, దయ్యాలకొకటి. ప్రతి మూఢవిశ్వాసానికీ ఒక ఉచ్చు పన్ని పెట్టి, రాజశేఖరుడుగారిని అందులోకి నడిపిస్తారు. రెండు ఉచ్చుల తరువాత మూడవది మనకు ముందే కనబడుతుంది. ఉత్తరార్ధంలో కాకతాళీయాలకు అంతులేదు. చనిపోయిందనుకున్న రుక్మిణి పురుషవేషంలో తిరుగుతుంది. మారువేషంలో ఉన్న పెద్దాపుర ప్రభువు తగిన సమయానికి ప్రత్యక్షమవుతాడు.

అన్నింటికంటె నన్ను నిలదీసిన విషయం మరొకటున్నది. రుక్మిణి భర్త పోయాడని కబురు వస్తుంది. ఆ పిల్ల గతి ఏమిటి? 1881లో రాజమహేంద్రవరంలో మొట్టమొదటి వితంతు వివాహం జరిపించిన ధీరుడు ఈ నవలాకర్త. అంతటివాడు తన నవలలో ఆ ప్రశ్నకు ఇచ్చిన సమాధానం, భర్త బ్రతికే ఉన్నాడని తిరిగి తేవడం! జీవితంలో చేసిన సాహసం కాగితంమీద చేయలేకపోయారు. నా దృష్టిలో ఈ నవలకు ఇదే పెద్ద లోపం. అనుసరణ అన్న ఆక్షేపణ దీని ముందు చిన్నది.

2. బారిష్టరు పార్వతీశం

మొదటి భాగం 1924లో వచ్చింది. దీనికి నేను చేసే విమర్శ ఏమీ లేదు. మొగల్తూరు పిల్లవాడు కాలువమీద నిడదవోలు చేరి, రైలెక్కి చెన్నపట్నం వెళ్ళి, ఆడవారి టోపీని మగవారిదనుకొని కొని, దానితోనే సీమకు ఓడ ఎక్కుతాడు. ఇదంతా వాడే తన నోటితో చెబుతాడు. కిటుకంతా అక్కడే ఉంది. వేరొకరు చెబితే అది పరిహాసం. తానే చెప్పుకుంటే హాస్యం. తాను చేసినది తెలివితక్కువ పని అని వాడెక్కడా ఒప్పుకోడు. మనమే గ్రహించి నవ్వుకోవాలి. ఆ నవ్వులో మన మొదటి పట్నవాసం, మన మొదటి హోటలు భోజనం, మన మొదటి ఆంగ్లవాక్యం అన్నీ గుర్తుకొస్తాయి.

రెండవ, మూడవ భాగాలు దశాబ్దాల తరువాత వచ్చాయి. ‘మూడు భాగాలూ అద్భుతం’ అనేవారు చివరి భాగం ఇటీవల చదివారా అని నాకు సందేహం. ఎడింబరో చదువు ముగించి పార్వతీశం పెద్దమనిషయ్యాడు. వివేకి అయ్యాడు. పెళ్ళి చేసుకున్నాడు, వకీలయ్యాడు, దేశసేవకూ పూనుకున్నాడు. సంతోషమే. కాని వాడు వివేకి అయిన క్షణంలోనే నవల చప్పబడింది. మొదటి భాగంలో రచయిత వాడిని కొంచెం దూరంగా నిలబడి గమనించారు. చివరకు వచ్చేసరికి వాడిమీద మమకారం పెరిగి, తమ అభిప్రాయాలను వాడి నోట చెప్పించారు. పుత్రవాత్సల్యం మంచిదే గాని, హాస్యరసానికి అది పథ్యం కాదు.

3. నారాయణరావు

1934లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు నవలల పోటీలో విశ్వనాథవారి ‘వేయిపడగలు’తో బహుమతిని సమంగా పంచుకొన్న నవల ఇది. బాపిరాజుగారు చిత్రకారులు. రాజమహేంద్రవరం కళాశాలలో కూల్డ్రే దొరగారి శిష్యరికం చేసినవారు. అందుచేత వర్ణనలలో రంగులు చిక్కగా ఉంటాయి. కోనసీమ కొబ్బరితోటల నీడ, పంటకాలువల నీటి మీద వెలుగు, పెళ్ళింటి సందడి, వడ్డనలు... ఈ భాగాలు నేను ఇప్పటికీ బిగ్గరగా చదువుకుంటాను.

ఇక నాయకుడి సంగతి. నారాయణరావు అందగాడు, బలశాలి, విద్వాంసుడు, రసికుడు, దేశభక్తుడు, సంగీతజ్ఞుడు, శాంతమూర్తి. మన లక్షణగ్రంథాలలో ధీరోదాత్తునికి చెప్పిన గుణాలన్నీ ఉన్నాయి, చెప్పనివీ ఉన్నాయి. రామునికైనా వాలివధ ఉంది, ధర్మరాజుకైనా జూదం ఉంది. ఈయనకు ఏమీ లేదు. తప్పే చేయని మనిషికి కష్టం వచ్చినా మనకు ఆదుర్దా పుట్టదు, గట్టెక్కుతాడని ముందే తెలుసు గనుక. మధ్యమధ్య శిల్పం గురించీ సంగీతం గురించీ సాగే ప్రసంగాలు విడిగా వ్యాసాలైతే బాగుండేవి. నా విద్యార్థి పుస్తకం మూసినది ఇటువంటి పుటల దగ్గరే అయివుంటుంది.

మరి ఈ నవలను నిలబెట్టినది ఎవరంటే శారద. విశ్వలాపురం జమీందారుగారి కుమార్తె. ఎల్లవారూ మెచ్చిన వరుణ్ణి తండ్రి ఏరి తెచ్చి పెళ్ళి చేస్తే, ఆ పిల్ల మనసు అతనివైపు తిరగదు. కారణం ఆమెకే స్పష్టంగా తెలియదు. పుట్టినింటి దర్పం, తమకంటె తక్కువ ఇంటికి ఇచ్చారనే గుసగుసలు, జగన్మోహనరావు మీది పాతఊహ, అన్నీ కలిసి ఆమెను మౌనంలోకి నెడతాయి. ఆ మౌనాన్ని బాపిరాజుగారు ఎంత ఓపికగా కనిపెట్టారో చూడండి! పరిపూర్ణుడైన భర్త పక్కన అసంపూర్ణురాలైన ఈ అమ్మాయే మనిషిలా ఊపిరి తీస్తుంది. నవలకు ‘శారద’ అని పేరు పెట్టి ఉంటే న్యాయంగా ఉండేదని నా అభిప్రాయం.

4. కొల్లాయిగట్టితేనేమి?

బసవరాజు అప్పారావుగారి గాంధీ గేయం నుండి పేరు తీసుకొన్న ఈ నవల 1960లలో వచ్చింది. సహాయనిరాకరణోద్యమ కాలంలో కళాశాల చదువు వదలి స్వగ్రామం చేరిన రామనాథం అనే యువకుని కథ. మహీధరవారిది ముంగండయే. అగ్రహారపు అరుగుల మీద మాట ఎలా పుడుతుందో, ఇంట్లోకి ఎలా పాకుతుందో, ఒక పిల్లవాడు ఖద్దరు కట్టినంతమాత్రాన వియ్యాలవారి ముఖాలు ఎలా మారతాయో ఆయనకు తెలుసు. దేశోద్యమాన్ని సభావేదికల మీద కాక, వంటింట్లో, వసారాలో, పెద్దల మందలింపుల్లో చూపించారు.

రచయిత వామపక్షీయులు. అయినా ఛాందసులను వెక్కిరించలేదు. వారి వాదం వారి చేత, వారి బలంతోనే చెప్పించారు. ఎదుటివాడి పక్షాన్ని బలంగా నిలబెట్టి తరువాత ఖండించడం మన శాస్త్రచర్చల పద్ధతి. పూర్వపక్షం బలహీనమైతే సిద్ధాంతానికి విలువ లేదు. నవలలో ఈ మర్యాద పాటించినవారు అరుదు.

లోపం లేదా అంటే, ఉంది. చర్చలు ఎక్కువ. నలుగురు కలిస్తే కథ ఆగిపోయి సభ మొదలవుతుంది. కొన్నిచోట్ల రెండు పుటలు దాటవేసినా కథకు భంగం లేదు. పై మూడింటికీ ఉన్న చదివించే గుణం దీనికి లేదు. అయినా నాలుగింటిలో ఏది పెద్ద నవల అని అడిగితే నేను దీనినే చూపిస్తాను. కథాంతం చెప్పను, చదవనివారు చదువుకోవాలి.

అన్నింటినీ కలిపి చూస్తే

ఈ నాలుగూ ముగించాక నాకు కలిగిన అభిప్రాయం ఇది. రచయిత తాను మెచ్చినదాన్ని వర్ణించినచోట నవల అందంగా ఉంది. తాను బోధించదలచినది చెప్పినచోట మందగించింది. మనిషిని ఉన్నవాణ్ణి ఉన్నట్టు కనిపెట్టినచోట మాత్రమే బ్రతికింది. చావడిలోని భట్రాజులు, టోపీ పెట్టుకొన్న పార్వతీశం, మాట్లాడని శారద, అరుగు మీది ముంగండ పెద్దలు: గుర్తుండేది వీరే. వీరిలో ఆదర్శమూర్తి ఒక్కరూ లేరు.

గోదావరి మీది ప్రేమ మన పాఠకులకూ ఒక తెర అయింది. కాలువ, కొబ్బరాకు, పూతరేకు కనబడితే చాలు, పుస్తకం మంచిదని అనేస్తాం. కాని ఆ కాలువలో నీరు ఎవరి చేనికి పారింది, ఎవరి చేతులతో పారింది? 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిన తరువాత ఈ సీమ అన్నపూర్ణ అయింది. ‘నారాయణరావు’లోని ఆ పెళ్ళి వడ్డనల వెనుక ఉన్నది ఆ పంటే. ఆ పంట పండించిన పాలేరు, ఊడ్చిన కూలిమనిషి ఈ నవలలలో అంచున ఉంటారు గాని కథకు నడుమ నిలబడరు. ఆ కాలానికి అది సాధ్యం కాదనడానికి వీలులేదు. ఉన్నవవారి ‘మాలపల్లి’ 1922 నాటికే వచ్చి ఉంది. మన సీమలోనే బోయి భీమన్నగారు ‘పాలేరు’ నాటకం రాశారు. రాజమహేంద్రవరంలో కుసుమ ధర్మన్నగారు ‘మాకొద్దీ నల్లదొరతనము’ అని ఎలుగెత్తారు. నాటకమూ పాటా చెప్పిన మాటను మన నవల వినిపించుకోవడానికి ఇన్నాళ్ళు ఎందుకు పట్టిందన్నది, జయంతి సభలలో అడగవలసిన ప్రశ్న.

ఇంత అన్నానని ఈ పుస్తకాల మీద నాకు గౌరవం లేదనుకోకండి. గౌరవం లేకపోతే ఈ వయసులో, ఈ కళ్ళతో, వేలాది పుటలు ఎందుకు చదువుతాను? మొదటిసారి చదివేవారు ‘బారిష్టరు’ మొదటి భాగంతో ఆరంభించండి. ‘రాజశేఖర చరిత్రము’లో పూర్వార్ధం నిదానంగా, ఉత్తరార్ధం వేగంగా చదవండి. ‘నారాయణరావు’లో విసుగు పుట్టినచోట నాలుగు పుటలు దాటి శారద దగ్గరికి వెళ్ళండి. ‘కొల్లాయిగట్టితేనేమి?’ని మాత్రం తీరిక చూసుకొని, పెన్సిలు చేతపట్టి చదవండి. నచ్చకపోతే నచ్చలేదని, ఎక్కడ, ఎందుకు నచ్చలేదో చెప్పండి. నా తీర్పులతో విభేదించేవారు కూడా పుస్తకం చదివి, పుట చూపించి విభేదిస్తే నాకు అంతకంటె ఆనందం లేదు.

స్వస్తి.