తెరిచిన చోటే మూయండి బాబూ!

"క్లోజింగ్ ట్యాగుదేముందిలే, బ్రౌజరే సర్దుకుంటుంది" అన్న మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది. నిజమే, పేరా ట్యాగు, లిస్టులో ఎల్ఐ ట్యాగు మూయకపోయినా హెచ్‌టీఎంఎల్ ప్రమాణమే ఒప్పుకుంటుంది. కానీ మధ్యలో పీహెచ్‌పీ దూరిందంటే కథ మారిపోతుంది. అక్కడ ట్యాగు మూతపడాలా వద్దా అన్నది ఒక ఇఫ్ కండిషన్ తేలుస్తుంది. అంటే పేజీ కొందరికి బాగుంటుంది, కొందరికి విరుగుతుంది.

ఒక దరఖాస్తు ఫారం చూశాను (ఎవరిదో అడక్కండి). రిమార్కులు రాసే టెక్స్ట్‌ఏరియా తెరిచారు. పాత రిమార్కులు ఉంటే వాటిని ప్రింట్ చేసి, ఆ ఇఫ్ లోపలే ముగింపు ట్యాగు కూడా పెట్టేశారు. ఆఫీసులో టెస్ట్ చేసిన అకౌంట్లన్నిటికీ పాత రిమార్కులున్నాయి, అంతా భేష్! కొత్తగా దరఖాస్తు పెట్టేవాడికి రిమార్కులెక్కడివి? ట్యాగు మూతపడదు. ఆ తర్వాత ఉన్న కోడంతా, సబ్మిట్ బటన్‌తో సహా, ఆ పెట్టెలో అక్షరాలై కూర్చుంటుంది. నొక్కడానికి బటనే లేదు. ఎర్రర్ లాగ్‌లో ఒక్క ముక్క ఉండదు, ఎందుకంటే పీహెచ్‌పీకి తన ట్యాగుల బయట ఉన్నదంతా ఉత్త అక్షరాలే. పాపం ఆ మనిషి తనకే కంప్యూటర్ రాదనుకుంటాడు.

కండిషన్ లోపల తెరిచింది లోపలే మూయాలి, బయట తెరిచింది బయటే. ఇంతకంటే బ్రహ్మవిద్యేం లేదు. ట్విగ్, బ్లేడ్ వాడితే సరిపోతుందిగా అంటారా? అవి తమ ఇఫ్ మూతపడిందా అని చూస్తాయి గానీ మీ టెక్స్ట్‌ఏరియా సంగతి చూడవు. అన్నట్టు, మూడొందల లైన్ల తర్వాత ఒంటరిగా ఒక } కనిపిస్తే అదెవరి తాలూకో ఎలా తెలుస్తుంది? ఎండిఫ్, ఎండ్‌ఫోరీచ్ అని రాయొచ్చు కదా, ఏం రోగం?

అన్నీ మూయమన్నాను కదాని ఉత్త పీహెచ్‌పీ ఫైలు చివర ?> తగిలించకండి మళ్ళీ! అక్కడ వద్దని మాన్యువల్ చెప్తుంది, 2019లో వచ్చిన పీఎస్ఆర్-12 కూడా చెప్తుంది. దాని వెనకే ఉన్న ఒక్క న్యూలైన్‌ని పీహెచ్‌పీ మింగేస్తుంది. ఇంకో ఖాళీ లైను ఉందో, అది బ్రౌజర్‌కి పోతుంది. అవుట్‌పుట్ బఫరింగ్ లేకపోతే దానితోపాటే హెచ్‌టీటీపీ హెడర్లూ వెళ్ళిపోతాయి. ఆ తర్వాత కుకీ పెట్టబోతే హెడర్లు ఎప్పుడో వెళ్ళిపోయాయని వార్నింగ్, లాగిన్ గోవిందా.

"ఒకచోట మూయమంటావ్, ఒకచోట వద్దంటావ్, ఏంటయ్యా నీ గోల?" అని అడిగేవాళ్ళుంటారు. రెండూ ఒకటే గోల. ?> చేసే పని, కోడ్ ఆపి ఇకనుంచి వచ్చేదంతా ఉన్నదున్నట్టు పంపేయమని చెప్పడం. ఫైల్లో పంపడానికి ఇంకేమీ లేనప్పుడు అదెందుకు?