ఎక్కుడు దారిలో సైకిలు దిగితే నామోషీ ఏమిటి?

గత మాసంలో ఒక సాయంకాలం మా శ్రీనగర్ కాలనీలోనే నివసించే ఒక పెద్దమనిషి నా వద్దకు వచ్చారు. వయస్సు 58. పదేళ్ళుగా రక్తపోటుకు మందు వాడుతున్నారు. రక్తంలో చక్కెర ఈమధ్యనే హద్దు దాటుతున్నది. చేతిలో ఒక యాత్రా సంస్థవారి రంగుల పుస్తకం. ఇటలీలోని టస్కనీ ప్రాంతంలో ఎనిమిది రోజుల సైకిలు యాత్ర. ద్రాక్షతోటల నడుమ మెలికలు తిరిగే బాట, గుట్ట నెత్తిన రాతిగోడల మధ్య ఒదిగిన పాత ఊరు, ఆ ఊరి నడిబొడ్డున గంటస్తంభం. బొమ్మలు నిజంగానే మనోహరంగా ఉన్నాయి. "డాక్టరుగారూ, రెండు లక్షలు పెట్టి సైకిలు కొన్నాను. వెళ్ళవచ్చునా?" అని అడిగారు.

నేను వద్దనలేదు, వెళ్ళమనీ అనలేదు. "ముందు అనంతగిరి వెళ్ళి రండి. చివరి ఎక్కుడులో సైకిలు దిగి, నడిపించుకుంటూ పైకి వెళ్ళండి. ఆ తరువాత టస్కనీ సంగతి మాట్లాడుకుందాం" అన్నాను. ఆయన ముఖం చిన్నబోయింది. "అంత ఖరీదు పెట్టి కొన్నది తోసుకుంటూ నడవడానికా?" అన్నారు.

ఆ ఒక్క మాట కోసమే ఈ వ్యాసం.

మనం కొండల మీద కాపురం ఉంటున్న సంగతి కార్లలో తిరగడం వల్ల మరచిపోయాం. కృష్ణానగర్ నుండి జూబ్లీహిల్స్ చెక్‌పోస్టు దాకా ఒకసారి సైకిలు తొక్కి చూడండి, తొడలు గుర్తుచేస్తాయి. దాదాపు 250 కోట్ల సంవత్సరాల నాటి గ్రానైటు గుట్టలివి. సినిమా పరిశ్రమ మద్రాసు నుండి తరలివచ్చిన కాలంలో ఈ రాళ్ళ మధ్యనే 1976లో అన్నపూర్ణ స్టూడియో వెలసింది. ఆ తరువాత ఫిలింనగర్ పెరిగింది. ఈ రోడ్ల మీద తెల్లవారుజామున పాలక్యాన్లు తగిలించుకున్న సైకిలు ఇప్పటికీ అక్కడక్కడా కనిపిస్తుంది. ఎక్కుడు రాగానే ఆ మనిషి దిగి, హ్యాండిలు మీద ఒక చేయి, సీటు మీద ఒక చేయి వేసి, నింపాదిగా తోసుకుపోతాడు. అతనికి నామోషీ లేదు. తన ఒంటి లెక్క అతనికి తెలుసు. రంగుల చొక్కా, నల్లకళ్ళద్దాలు ధరించి అతణ్ణి దాటిపోయే మనకే తెలియదు.

సైకిలు యాత్ర అంటే పందెం కాదు. ఊరి నుండి ఊరికి, చెట్టు నుండి చెట్టుకు, చూస్తూ ఆగుతూ పోవడం. అటువంటి దారి మనకూ ఉన్నది. ఫిలింనగర్ గుట్ట దిగగానే షేక్‌పేటలో కుతుబ్‌షాహీల కాలం నాటి సరాయి ఉన్నది. బాటసారులకు గదులు, గుర్రాలకూ ఒంటెలకూ వేరే చోటు ఏర్పరచిన విడిది అది. ఆనాటి ప్రయాణంలో విశ్రాంతి ప్రయాణంలోని భాగమే అనడానికి ఇంతకంటె సాక్ష్యమేమి కావాలి? అక్కడి నుండి గోల్కొండ కోట, కుతుబ్‌షాహీ సమాధులు కూతవేటు దూరం. నగరం దాటి పడమటి దారి పడితే కుడివైపు కొంత దూరంలో గండిపేట, ఎడమవైపు హిమాయత్‌సాగర్. 1908 సెప్టెంబరులో మూసీ ముంచెత్తి నగరాన్ని శ్మశానం చేసిన తరువాత, అటువంటి ఉపద్రవం మళ్ళీ రాకుండా విశ్వేశ్వరయ్యగారి సలహాపై కట్టినవి అవి. మొదటిది 1920లో, రెండవది 1927లో పూర్తయ్యాయి. మొయినాబాదు, చేవెళ్ళ, మన్నెగూడ, వికారాబాదు మీదుగా సుమారు 80 కిలోమీటర్లు పోతే అనంతగిరి. మూసీ పుట్టేది అక్కడే. అంటే మనం పోయేది నదికి ఎదురుగా. నీరు అటు నుండి ఇటు పారుతున్నదంటే, దారి ఇటు నుండి అటు ఎక్కుతున్నదనే కదా! కంటికి సమతలంగా కనిపించే చోట కూడా కాళ్ళు ఎందుకు బరువెక్కుతాయో ఇప్పుడు మీకు అర్థమై ఉంటుంది.

చేవెళ్ళ దారిలోని మఱ్ఱిచెట్లను గురించి చెప్పకుండా ముందుకు పోలేను. ఇరువైపులా ఊడలు దించి, రోడ్డు మీద గొడుగు పట్టిన ఆ వృక్షాలు వందల సంఖ్యలో ఉన్నాయి. రోడ్డు వెడల్పు చేయడానికి వాటిని తొలగించాలన్న వివాదం జాతీయ హరిత ట్రైబ్యునల్ దాకా వెళ్ళింది. సైకిలు మీద పోయేవాడికి ఆ నీడ విలువ తెలుస్తుంది. అయితే ఆ దారి ఇరుకు, వాహనాల రద్దీ ఎక్కువ. 2025 నవంబరులో మీర్జాగూడ వద్ద బస్సూ టిప్పరూ ఢీకొన్న ఘోరం మీకు జ్ఞాపకం ఉండే ఉంటుంది. కనుక ఇప్పుడు నన్నడిగిన వారికి నేను చెప్పేది వేరు. సైకిలును కారులో వేసుకొని వికారాబాదు చేరి, ఆ చుట్టుపక్కల పల్లెబాటలు తొక్కండి. చెట్ల మీద ప్రేమతో ప్రాణాల మీదికి తెచ్చుకోవద్దు.

ఇక నా తప్పు చెప్పుకోవాలి. కొన్నేళ్ళ క్రితం మేము అయిదుగురం అనంతగిరి వెళ్ళాం. నా వెంట వైద్య కళాశాలలో నాతోబాటు చదివిన మిత్రుడు ఉన్నాడు; అతనూ వైద్యుడే. వికారాబాదు దాటి అడవిలోకి మలుపులు తిరిగే ఎక్కుడు మొదలైంది. ముందు ఇద్దరు కుర్రవాళ్ళు ఈల వేసుకుంటూ పోతున్నారు. మిత్రుడి మాట ఆగిపోయింది. అతనిది, నాది ఊపిరి చప్పుడు తప్ప మరేమీ వినిపించడం లేదు. దిగుదామని నాకు అనిపించింది. అనలేదు. కుర్రవాళ్ళు వెనుదిరిగి చూస్తారేమోనన్న సంకోచం. అతనూ అందుకే అనలేదని తరువాత చెప్పాడు. పైకి చేరాక రాతి అరుగు మీద కూర్చుని ఛాతీ రుద్దుకున్నాడు. "గ్యాసు లేరా" అన్నాడు. నలభై ఏళ్ళ పాటు ఆ మాట రోగుల నోట విని హెచ్చరించిన ఇద్దరు వైద్యులం, ఆ రోజు ఆ మాటను నమ్మి వేడి ఇడ్లీలు తిన్నాం! మరునాడు తెల్లవారుజామున అదే నొప్పి ఎడమ చేతికి దిగింది. యాంజియోగ్రాంలో ఒక హృదయ ధమని తొంభై శాతం పూడుకుపోయి ఉన్నది. స్టెంటు వేశారు. బ్రతికాడు. ఇప్పటికీ సైకిలు తొక్కుతున్నాడు.

కొండ అతనికి గుండెజబ్బు తేలేదు, ఉన్న జబ్బును బయటపెట్టింది. ఆసుపత్రిలో ట్రెడ్‌మిల్ పరీక్ష చేసేటప్పుడు మేము పట్టీ వాలును మెట్టుమెట్టుగా పెంచేది అందుకే. తేడా ఏమిటంటే అక్కడ ఇ.సి.జి. చూస్తూ ఒక వైద్యుడు పక్కన నిలబడి ఉంటాడు, అడవిలో ఉండడు. కొంచెం లెక్క చూడండి. మనిషీ సైకిలూ కలిసి 82 కిలోలు అనుకుందాం. గంటకు 10 కిలోమీటర్ల వేగంతో సమతలం మీద పోవడానికి కావలసిన శక్తి స్వల్పం, పాతిక వాట్లకు మించదు. అదే వేగంతో నూరు అడుగులకు ఆరడుగులు లేచే వాలు ఎక్కాలంటే దాదాపు 150 వాట్లు కావాలి. ఆరు రెట్లు! కాళ్ళు అడిగిన ప్రాణవాయువునంతా గుండె అందించాలి. దిగి నడిస్తే వేగం తగ్గుతుంది, దానితోబాటు ఆ గిరాకీ కూడా సగానికి పైగా తగ్గుతుంది. ఇందులో పరువు ప్రసక్తి ఎక్కడున్నది?

ఈ సంగతిని నూరేళ్ళకు ముందే గ్రహించినవాడు ఫ్రాన్సు దేశంలో ఒకడున్నాడు. పేరు పాల్ ద వివీ. వెలోసియో అన్న కలం పేరుతో ప్రసిద్ధుడు. 1853లో పుట్టి 1930 దాకా జీవించాడు. సెంటెటియెన్ పట్టణం నుండి ప్రొవాన్సు కొండల మీదుగా మధ్యధరా తీరం వైపు సైకిలు యాత్రలు చేసేవాడు. ఆకలి కాకముందే తినాలని, దాహం వేయకముందే త్రాగాలని, అన్నింటికంటె ముఖ్యంగా గొప్పకు పోయి తొక్కరాదని అతడు నియమాలు వ్రాసి పెట్టాడు. ఎక్కుడు సులభం కావడానికి గేర్లు ఉండాలని పోరాడాడు. టూర్ ద ఫ్రాన్స్ పందెం నిర్వాహకుడు దెగ్రాంజ్ గేర్లు 45 ఏళ్ళు దాటినవారికే తగునని ఎద్దేవా చేశాడు; 1937 వరకు ఆ పందెంలో గొలుసు మార్చే గేర్లను అనుమతించనే లేదు. ఎద్దేవాగా అన్నా, ఆ మాట మనలాంటివారికి మంచి సలహా. రెండు లక్షల సైకిలు కంటె, వెనుక పెద్ద పళ్ళచక్రం ఉన్న సాధారణ సైకిలు మీ మోకాళ్ళకు మేలు చేస్తుంది.

అదే ప్రొవాన్సులో వెంటూ అనే బోడికొండ ఉన్నది. ఎత్తు సుమారు 1,910 మీటర్లు. 1967 జూలై 13న ఆ ఎక్కుడులో టామ్ సింప్సన్ అనే ఆంగ్ల వీరుడు, ఇరవై తొమ్మిదేళ్ళవాడు, సైకిలు మీద నుండి ఒరిగిపోయాడు. లేపి మళ్ళీ ఎక్కిస్తే మరికొంత దూరం తొక్కి కుప్పకూలి మరణించాడు. మండుటెండ, ఒంట్లో నీరు చాలకపోవడం, ఉత్ప్రేరక మాత్రలు, మద్యం, ఇవన్నీ కలిసి చేసిన పని. మన ఎండ ఆ ఎండకు తీసిపోదు కదా! మార్చి నుండి జూన్ వరకు ఉదయం తొమ్మిది దాటాక కొండ ఎక్కే ఆలోచనే మానుకోండి. నవంబరు నుండి ఫిబ్రవరి వరకు మనకు నాలుగు నెలల వరం ఉండనే ఉన్నది.

ఎంత గట్టిగా తొక్కవచ్చు? మణికట్టు గడియారం చూపే అంకెలను నేను నమ్మమనను. రక్తపోటుకు అటెనలాల్, మెటోప్రోలాల్ వంటి మందులు వాడేవారిలో నాడి పెరగవలసినంత పెరగదు, అంకె మోసం చేస్తుంది. పక్కవాడితో పూర్తి వాక్యం మాట్లాడగలుగుతున్నంత సేపు తొక్కండి. మాట ముక్కలవుతుంటే దిగండి. నా మిత్రుడి విషయంలో నేను గమనించీ పట్టించుకోనిది సరిగ్గా అదే. ఇన్సులిన్ గాని, గ్లిమెపిరైడ్ వంటి మాత్రలు గాని వాడే మధుమేహులు జేబులో చక్కెర పొట్లం లేకుండా కదలరాదు; ఆ ఉదయం మోతాదు తగ్గించాలా అన్నది మీ వైద్యుణ్ణి అడిగి తెలుసుకోండి. నీళ్ళతోబాటు ఉప్పు కలిపిన మజ్జిగ చాలు, రంగునీళ్ళ సీసాలు అనవసరం. దిగుడులో రెండు బ్రేకులూ మార్చి మార్చి, ముందుగానే వేయండి. గుండెజబ్బు భయంతో ఎక్కడం మానేసినవారు దిగేటప్పుడు తుంటి విరగ్గొట్టుకున్న సందర్భాలూ చూశాను.

ట్రెడ్‌మిల్ పరీక్ష బాగున్నదని వస్తే సర్వం క్షేమమని కాదు. సగం మాత్రమే పూడిన ధమనిలో సైతం కొవ్వు పొర చిట్లి గడ్డకట్టవచ్చు. అయినా నలభై అయిదు దాటి, రక్తపోటు, చక్కెర, పొగాకు వీటిలో ఏ ఒక్కటి ఉన్నా, కొండకు ముందు ఆ పరీక్ష గురించి వైద్యుణ్ణి అడగాలని నా అభిప్రాయం. తొక్కడం అలవాటు లేనివారు మొదట 2023 అక్టోబరులో బాహ్యవలయ రహదారి వెంట ప్రారంభించిన, సౌరఫలకాల పైకప్పు ఉన్న 23 కిలోమీటర్ల సైకిలు బాటలో సాధన చేయవచ్చు. నాకు మాత్రం అక్కడ విసుగు. ఊరు లేదు, చెట్టు లేదు, "ఎక్కడికి సారూ?" అని పలకరించే మనిషి లేడు.

అనంతగిరి పైన అనంతపద్మనాభస్వామి ఆలయం ఉన్నది. సమీపంలోనే నిజాం కాలపు క్షయ చికిత్సాలయం ఉన్నది. 1943లో స్ట్రెప్టోమైసిన్ వెలుగు చూడక మునుపు క్షయకు చికిత్స అంటే ఇటువంటి చోట మంచి గాలి, తిండి, విశ్రాంతి. ఆ గాలి కోసం రోగులను కొండెక్కించిన కాలం అది. మనం అదే కొండకు పోయి, ఆ గాలిని ఒక్క క్షణం నిలబడి పీల్చకుండా, ఫోనులో సమయం చూసుకొని తిరిగివస్తున్నాం.

పెద్దమనిషి నిన్న ఫోను చేశారు. పరీక్ష చేయించుకున్నారట, ప్రస్తుతానికి భయం లేదన్నారట. వచ్చే ఆదివారం షేక్‌పేట సరాయి దాకా వెళ్ళి వద్దామన్నారు. పోయేటప్పుడు ఫిలింనగర్ దాటాక దిగుడే. తిరుగుదారిలో ఫిలింనగర్ ఎక్కుడు ఉన్నది. అక్కడ ముందుగా దిగేది నేనేనని ఆయనకు చెప్పాను.