పనులు పంచాయతీకి, తాళపుచెవి తమకు

వికేంద్రీకరణము అను మాట కొన్నేండ్లుగా మన రాష్ట్రమున ప్రతివారి నోటను వినవచ్చుచున్నది. 2020లో ఆ పేరు తలకెత్తికొని యొక శాసనమే వెలసి, 2021 నవంబరులో రద్దయినది. శాసనసభ యెచ్చట, హైకోర్టు ఎచ్చట, కచ్చేరీలు ఎచ్చట అని వాదములు జరిగినవి. ఆ కోలాహలములో గణపవరము వంటి యూరి పంచాయతీ తన సొమ్మును తన యిష్టప్రకారము ఎంత ఖర్చుపెట్టఁగలదను ప్రశ్న మాత్రము మాకు వినఁబడలేదు. ప్రభువుల కచ్చేరీలను మూఁడు పట్టణములకు పంచుట వేఱు, అధికారమును ప్రజలకు పంచుట వేఱు.

గణపవరము ప్రాంతము బీద సీమ కాదు. 1852లో ధవళేశ్వరము ఆనకట్ట పూర్తియైన నాఁటనుండి గోదావరి నీరు ఈ చేలకు బంగారము పండించినది. కొల్లేటి వైపునకు పోయినకొలఁది చేపల చెఱువులు. రేయింబవళ్లు చేపల లారీలు ఈ బాటలమీఁదనే పోవుచున్నవి. లారీ పన్ను రాష్ట్రమునకు. డీజిలు సుంకములలో నొకటి కేంద్రమునకు, మఱొకటి రాష్ట్రమునకు. భూమి చేతులు మాఱినపుడు స్టాంపు సుంకము రాష్ట్రమునకు. చట్టరీత్యా స్థానిక సంస్థల సొమ్మైన బదిలీ సుంకము సైతము మొదట రిజిస్ట్రేషను కచ్చేరీలో చెల్లి, అటనుండి తిరిగి రావలసినదే. గుంటలు పడిన ఊరిబాట మాత్రము నేరుగా పంచాయతీ పాలు!

వేసవిలో కాలువలు కట్టివేయుదురు. అంతకు ముందే మంచినీటి చెఱువు నింపుకొనని యూరు మే నెలలో ఏమి త్రాగును? గట్టు జాఱినను, పూడిక పేరుకొన్నను, పంపు కాలిపోయినను ఇల్లాండ్రు అడుగునది సర్పంచినే గాని, బిందె చంకఁబెట్టుకొని వెలగపూడి సచివాలయమునకు పోరు గదా.

ఈ రోగము పాతది. 1870లో మేయో ప్రభువు కొన్ని శాఖలను రాష్ట్రములకు అప్పగించి, చాలీచాలని సొమ్మిచ్చి, తక్కువైనది పన్నులు వేసి పూరించుకొమ్మనెను. 1959 అక్టోబరు 11న షాద్‌నగరులో నెహ్రూగారు పంచాయతీ రాజ్యమునకు ప్రారంభోత్సవము చేసిరి. 1992 నాఁటి 73వ రాజ్యాంగ సవరణము 29 విషయములను పేర్కొన్నది. కాని వానిని పంచాయతీలకు శాసనసభలు ‘ఇయ్యవచ్చును’ అన్నదే గాని ‘ఇయ్యవలెను’ అనలేదు. ఆ యొక్క క్రియాపదము చాటున మన ప్రభుత్వములు, ఏ పక్షమువైనను, మూఁడు దశాబ్దములు సుఖముగా కూర్చున్నవి.

2018 ఆగస్టులో పాత పంచాయతీల గడువు తీఱఁగా 2021 ఫిబ్రవరి దాఁక ఎన్నికలే లేవు, ప్రత్యేకాధికారులు ఏలిరి. 2019 అక్టోబరు 2న గ్రామ సచివాలయములు వచ్చినవి. నౌకరులను నియమించునది రాష్ట్రము, జీతమిచ్చునది రాష్ట్రము. ఊరికి కచ్చేరి వచ్చినది, అధికారము రాలేదు. తుదకు 2021లో కేంద్ర ఆర్థిక సంఘము పంచాయతీలకు కేటాయించిన నిధులను సైతము రాష్ట్ర ప్రభుత్వము విద్యుత్తు బాకీల క్రింద జమకట్టుకొనఁగా సర్పంచులు గగ్గోలు పెట్టిరి. వాడుకొన్న కరెంటుకు బాకీ తీర్పవలసినదే, కాదనము. కాని బాకీదారు నడుగకయే అతని పెట్టె తెఱచి తీసికొనుట ఏ ఋణధర్మము? పెద్దకోడలికి వంటయు, వడ్డనయు, బంధువుల మర్యాదయు అప్పగించి, కొట్టుగది తాళపుచెవి మాత్రము తన కొంగున ముడివేసికొని, పులుసు చప్పగా నున్నదని దెప్పు అత్తగారిని మన పాఠకురాండ్రు ఎఱుఁగుదురు.

గ్రామములందు కులకక్షలు గలవు, కంట్రాక్టర్లు గలరు, సొమ్ము చిక్కిన మ్రింగివేయుదురని కొందఱి యాక్షేపణ. రాజధానిలో ఇవి లేవా? అచ్చట మ్రింగినది మనకు కనఁబడదు. వీథి సిమెంటు ఆఱు నెలలకే పెచ్చులూడినచో ప్రతి గడపకును కనఁబడును. కేరళము 1996లో ప్రణాళికా ధనములో మూఁడవ వంతునకు మించి స్థానిక సంస్థలకు ఇయ్య నిశ్చయించినది. అచ్చటి గ్రామములలో మాత్రము కక్షలు లేకుండెనా? ఇఁక, పన్ను లియ్యలేని మన్యపు గ్రామముల గతి యేమన్న ప్రశ్న న్యాయమైనది. అందుకొఱకే అయిదేండ్లకొకసారి రాష్ట్ర ఆర్థిక సంఘము ఉండవలెనని రాజ్యాంగము విధించినది.

పదునైదవ ఆర్థిక సంఘము కేంద్ర పన్నులలో ఆంధ్రము వాటాను నూటికి 4.305 నుండి 4.047కు తగ్గింపఁగా మన నాయకులు అన్యాయమని మొఱపెట్టిరి. ఆ మొఱ న్యాయమైనదే. ఢిల్లీ గుమ్మమున తాము అడుగు న్యాయమునే తమ గుమ్మమున గణపవరము అడిగిన, చెవులు వినఁబడవు!

మన గృహస్థులను కూడ విడువరాదు. గృహప్రవేశమునకు లక్షలు వెచ్చించి, ఇంటిపన్ను దగ్గఱకు వచ్చుసరికి మేడను పెంకుటిల్లని వ్రాయించుకొనువారు ఎందఱు లేరు? వోటు కొఱకు సర్పంచి చూపు ఆ దాక్షిణ్యము లంచమే. మనయొద్ద పన్ను వసూలు చేయలేని పంచాయతీ పైవారి యెదుట చేయి చాఁపును. చేయి చాఁచినది లెక్క యడుగఁజాలదు. రాఁబోవు గ్రామసభకు స్త్రీలును పురుషులును పోయి, ఇంటిపన్ను ఎంత వచ్చినది, బదిలీ సుంకము ఎన్నఁడు వచ్చినది, విద్యుత్తు క్రింద ఎంత విఱుగఁగోసిరి — ఈ మూఁడు లెక్కలు పైకి చదివింపుఁడు. చదువకున్న సభ కదలనీయకుఁడు.