ఇంటిపేరు ఏమైంది?

హౌరా నుండి ఖరగ్‌పూర్ వెళ్ళే దారిలో తొలి స్టేషన్ టికియాపారా. బెంగాల్ నాగపూర్ రైల్వే కాలంలో ఈ మార్గాన ఎందరో కోస్తా తెలుగువారు ఉద్యోగార్థం వంగదేశం చేరారు. చిక్కు వచ్చినది వారి ఇంటిపేర్లకు.

తెలుగువారి ఇంటిపేరు ముందుంటుంది, అదీ పొడి అక్షరంగా. వంగీయులకు వంశనామం చివర ఉండాలి. ఆ లెక్కన పాములపర్తి నరసింహారావు, నందమూరి తారకరామారావు ఇద్దరూ ‘రావు’ వంశీకులే! రావు గౌరవవాచకమని వారికెవరు చెప్పాలి? ఆ రైల్వే కార్మికులకు నాయకత్వం వహించి, 1969లో రాష్ట్రపతి అయిన వి.వి. గిరి ఇంటిపేరు వరాహగిరి. లోకం వాడినది చివరి ‘గిరి’నే. తండ్రి జోగయ్య పంతులు పేరు చివర అది లేదు.

పోలండ్‌లో ‘స్కీ’తో ముగిసే పేర్లు అనేకం మన ఇంటిపేర్లవలె ఊళ్ళనుండి పుట్టినవే. అక్కడి జనాభా రిజిస్టరును బట్టి ఏ పేరు ఎంత అరుదో లెక్కించవచ్చు. మన ‘పి’ వెనుక ఉన్నది పాములపర్తియో, పోతుకూచియో ఎవరు లెక్కించగలరు?

ఒకే ఇంటిపేరు, ఒకే గోత్రమైతే అన్నదమ్ముల వరుస; వియ్యం కూడదు. సంబంధం కుదిరేవేళ ఇంటిపేరు అడిగితే, ప్రవాసంలో పుట్టిన మనుమడు తాతగారి సర్వీసు పుస్తకం వెదకవలసిందే. అందులో ఉండేది ‘పి’ ఒక్కటే.