బదిలీల మీద నడిచే ఆసుపత్రి

పెద్ద సైనిక ఆసుపత్రుల్లో కమాండెంట్ గదిలోకి వెళితే గోడకు చెక్క పలక ఒకటి కనిపిస్తుంది. ఇంతవరకూ ఆ కుర్చీలో కూర్చున్నవారి పేర్లు, హోదాలు, ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా ఉన్నారో వరసగా రాసి ఉంటాయి. పేర్లు పక్కనపెట్టి తేదీలు చదివితే అసలు సంగతి తెలుస్తుంది. ఏడాదిన్నర, రెండేళ్లు. మూడేళ్లు నిండినవారు అరుదు. కొత్త స్కానింగ్ యంత్రం కావాలని కాగితం కదిపి, అనుమతులు తెచ్చుకుని, టెండర్లు పిలిచి, యంత్రాన్ని బిగించేలోగా దాన్ని అడిగిన అధికారి మరో ఊళ్లో మరో పదవిలో ఉంటారు. అది మొదటిసారి మొరాయించే నాటికి ఆ గదిలో మూడో మనిషి ఉంటారు.

యుద్ధ విమానాల కొరత గురించి, తూటాల నిల్వల గురించి ఈ దేశంలో చర్చ జరుగుతూనే ఉంటుంది, జరగాలి కూడా. గాయపడ్డ జవానును బతికించి ఇంటికి పంపాల్సిన ఆసుపత్రికి ఎవరు అధిపతిగా ఉంటున్నారు, ఎన్నాళ్లు ఉంటున్నారు, ఏ దారిన అక్కడికి వచ్చారు అన్నది మాత్రం చట్టసభల్లోనూ వినపడదు, పత్రికల్లోనూ కనపడదు. ఈ మౌనానికి మూల్యం ఎంతో శాంతికాలంలో తెలియదు. తెలిసే రోజున దిద్దుకునే వ్యవధి ఉండదు.

సైనిక వైద్యుడి ప్రయాణం ఎలా సాగుతుందో ముందు చూడాలి. పుణెలోని సాయుధ దళాల వైద్య కళాశాల ఏఎఫ్‌ఎంసీలో చదివో, బయట ఎంబీబీఎస్ చేసి ఎంపికయ్యో అధికారిగా చేరతారు. తొలి ఏళ్లు ఏదో ఒక పటాలంతో గడుస్తాయి. మంచుకొండల మీదో, ఈశాన్య సరిహద్దులోనో వందలమందికి ఒక్క డాక్టరు. వైద్య పరీక్షల గది ఎంఐ రూమ్‌లో పొద్దున్నే సిక్ రిపోర్టుకు వచ్చిన జవాన్ల కాళ్ల పొక్కుల దగ్గర్నుంచి తూటా గాయం దాకా అన్నీ తనే చూసుకోవాలి. తర్వాత పీజీ, గ్రేడెడ్ స్పెషలిస్టు, కొన్నేళ్లకు క్లాసిఫైడ్ స్పెషలిస్టు. చేతికి పదును వచ్చేది, ఫలానా డాక్టరుగారే చూడాలని రోగులు అడిగేది ఈ దశలోనే. సరిగ్గా అప్పుడే దారి రెండుగా చీలుతుంది. ఆపరేషన్ థియేటర్‌నూ పాఠం చెప్పే గదినీ పట్టుకుని ఉండిపోతే పైకి వెళ్లేకొద్దీ ఖాళీలు సన్నబడతాయి. పెద్ద హోదాల్లో చాలా భాగం కోర్, కమాండ్ ప్రధాన కార్యాలయాల్లో ఫైళ్ల ముందో, ఆసుపత్రుల కమాండ్‌లోనో ఉంటుంది.

కమాండ్ ఆసుపత్రికి మేజర్ జనరల్, ఢిల్లీలోని ఆర్మీ హాస్పిటల్ రీసెర్చ్ అండ్ రెఫరల్‌కు లెఫ్టినెంట్ జనరల్ అధిపతి. ఆ హోదా అందేసరికి సర్వీసు ముప్పై ఏళ్లు దాటుతుంది, వయసు యాభై అయిదు దాటుతుంది. విరమణ అరవై దగ్గర. మిగిలిన నాలుగైదేళ్లలోనే ఒక ఆసుపత్రి, ఒక ప్రధాన కార్యాలయం, ఢిల్లీలో డైరెక్టరేట్ అన్నీ సర్దాలి. కుర్చీకి రెండేళ్లు మించి దక్కకపోవడం ఎవరి కుట్రా కాదు, ఈ కూడికల, తీసివేతల ఫలితం.

ఈ దారిలో నడిచినవారి ప్రతిభకు వంక పెట్టడం మా ఉద్దేశం కాదు. తిరుపతిలో పుట్టిన పద్మా బందోపాధ్యాయ్ విమానయాన వైద్యంలో నిపుణురాలై, వైమానిక దళ సెంట్రల్ మెడికల్ ఎస్టాబ్లిష్‌మెంట్‌ను నడిపి, ఆ దళంలో తొలి మహిళా ఎయిర్ మార్షల్ అయ్యారు. 2024 అక్టోబరు 1న సాయుధ దళాల వైద్య సేవల డైరెక్టర్ జనరల్‌ పదవిని తొలి మహిళగా చేపట్టిన సర్జన్ వైస్ అడ్మిరల్ ఆర్తీ సరీన్ సర్వీసు ఇంకా విస్తారమైనది. 1985లో చేరి, రేడియేషన్ ఆంకాలజీలో ప్రొఫెసరై, ముంబైలోని నౌకాదళ ఆసుపత్రి అశ్వినికి నాయకత్వం వహించి, నౌకాదళ వైద్య సేవలకూ వైమానిక దళ వైద్య సేవలకూ డైరెక్టర్ జనరల్‌గా చేసి, ఏఎఫ్‌ఎంసీకి అధిపతిగా ఉండి ఆమె అక్కడికి చేరారు. మూడు దళాల్లోనూ పనిచేసిన అరుదైన అధికారి. శిఖరాన ఉండే పదవికి ఇంత వైవిధ్యం అవసరమే. మంచం మీద ఉన్న నావికుడికి కావలసింది మాత్రం ఇంకొకటి. తన ఆసుపత్రి లోటుపాట్లు తెలిసిన మనిషి వాటిని సరిదిద్దేదాకా అక్కడే ఉండాలి. అధికారి ఎదుగుదల, రోగి అవసరం ఒకే నియామక ఉత్తర్వులో ఎదురెదురు పడుతున్నాయి. ఇప్పటిదాకా మొదటిదే నెగ్గుతోంది.

బదిలీ వైద్యాన్ని ఎలా తెంచుతుందో సికింద్రాబాద్ ఏనాడో చూసింది. 1897 ఆగస్టు 20న బేగంపేటలో రోనాల్డ్ రాస్ దోమ కడుపు గోడలో మలేరియా పరాన్నజీవిని గుర్తించారు. ఆయన ఇండియన్ మెడికల్ సర్వీసు డాక్టరు. హుసేన్ ఖాన్ అనే రోగి చేత దోమలు కుట్టించి, దోమకో అణా చొప్పున ఇచ్చి, వాటిని ఒక్కొక్కటిగా కోసి సూక్ష్మదర్శిని కింద పెట్టి చూసిన పని అది. ఆ వేడి మీదే వదిలేస్తే మిగతా ముడి కూడా అక్కడే వీడేదేమో. నెల దాటీ దాటకముందే ఆయన్ను కదిపేశారు. రాజపుతానాలోని ఖేర్వాడాకు పంపారు. ఆయనకు కావలసిన మలేరియా కేసులు అక్కడ దాదాపు లేవు. లండన్‌లో ప్యాట్రిక్ మాన్సన్ పట్టుబట్టి పైవారికి చెప్పిస్తే తప్ప 1898 ఫిబ్రవరికి కలకత్తాలో పరిశోధన మళ్లీ పట్టాలెక్కలేదు. ఉత్తర్వు వేసిన కార్యాలయం లెక్కలో డాక్టరంటే ఖాళీ భర్తీ చేసే మనిషి. నూట పాతికేళ్లు దాటినా ఆ లెక్క పూర్తిగా మారలేదు.

నాయకత్వం ఇలా చేతులు మారుతూ పోతే ఏమవుతుందో అమెరికా అనుభవించింది. వాషింగ్టన్‌లోని వాల్టర్ రీడ్ ఆర్మీ మెడికల్ సెంటర్‌కు ఇరాక్, అఫ్గాన్ యుద్ధాల్లో కాళ్లూ చేతులూ పోగొట్టుకున్న సైనికులు వచ్చేవారు. అక్కడ శస్త్రచికిత్సకు పేరుంది. ఆపరేషన్ తర్వాత వారి బతుకు ఎలా ఉందో 2007 ఫిబ్రవరి 18న వాషింగ్టన్ పోస్ట్‌లో డేనా ప్రీస్ట్, ఆన్ హల్ రాసిన కథనం బయటపెట్టింది. ప్రాంగణానికి రోడ్డు అవతల బిల్డింగ్ 18 అని ఒకప్పటి హోటలు. తేమకు బూజు పట్టిన గోడలు, ఎలుకలు, బొద్దింకలు. మెదడుకు దెబ్బ తగిలి ఏ రోజు ఏ డాక్టరు దగ్గరికి వెళ్లాలో గుర్తుపెట్టుకోలేని సైనికులు తమ కాగితాలు తామే పట్టుకుని తిరిగారు. ఒక్కొక్కరు ఎనిమిది కమాండ్లకు 22 పత్రాలు ఇవ్వాలి. వాటిని నడిపే కంప్యూటర్ వ్యవస్థలు 16. చాలావాటికి ఒకదానితో ఒకటి పొత్తు లేదు.

శిక్ష ఎవరి మీద పడిందో గమనించాలి. అప్పటి కమాండర్ మేజర్ జనరల్ జార్జ్ వెయిట్‌మన్‌ను మార్చి 1న తొలగించారు. ఆయన వచ్చి ఆరు నెలలే అయింది. ఆ బాధ్యతను తాత్కాలికంగా లెఫ్టినెంట్ జనరల్ కెవిన్ కైలీకి ఇచ్చారు. కైలీ 2002 నుంచి 2004 దాకా అదే ఆసుపత్రిని నడిపి, పదోన్నతి మీద ఆర్మీ సర్జన్ జనరల్ అయినవారు. ఈ అవస్థల గురించి ఆయన హయాంలోనే ఫిర్యాదులు వెళ్లాయని అదే పత్రిక రాసింది. ఆ ఏర్పాటు ఒక్క రోజు కూడా సరిగా నిలవలేదు. ఆర్మీ మంత్రి ఫ్రాన్సిస్ హార్వీ రాజీనామా చేశారు, ఎరిక్ షూమేకర్ కొత్త కమాండర్ అయ్యారు, పది రోజులు తిరిగేసరికి కైలీ విరమణ కోరారు. ఆ ఏడాది చివర్లో షూమేకర్ కూడా సర్జన్ జనరల్‌గా వెళ్లిపోయారు. కైలీ తర్వాత, వెయిట్‌మన్‌కు ముందు కెన్నెత్ ఫార్మర్ ఉన్నారు. అంటే దేశం రెండు యుద్ధాల్లో మునిగి ఉన్న అయిదేళ్లలో ఆ ఆసుపత్రికి నలుగురు. గోడకు బూజు ఎవరి హయాంలో పట్టిందని అడిగితే ఎవరిని చూపించాలి?

రెండేళ్లే ఉంటానని తెలిసిన మనిషి ఎంత నిజాయితీపరుడైనా ఆ రెండేళ్లలో కంటికి ఆనే పనినే ముందు ఎత్తుకుంటాడు. తనిఖీ వస్తోందంటే కంటోన్మెంట్లలో చెట్ల మొదళ్లకు గేరూ, సున్నం పూయడం ఎవరైనా చూసిందే. రంగు ఒక్క రోజులో ఆరుతుంది. వార్డులో ఇన్‌ఫెక్షన్లు తగ్గించడానికి, రక్తనిధిని యుద్ధ అవసరాలకు సిద్ధం చేయడానికి, నర్సింగ్ అసిస్టెంట్లకు శిక్షణ ఇచ్చి నిలబెట్టుకోవడానికి ఏళ్లు పడుతుంది. వార్షిక రహస్య నివేదికలో ఆ ఓపికకు మార్కులు పడే వీలు తక్కువ.

కాగితాల చిక్కు అమెరికాకే పరిమితం కాదు. జవాను సర్వీసు వదిలేటప్పుడు మన సైనిక ఆసుపత్రుల్లో రిలీజ్ మెడికల్ బోర్డు కూర్చుంటుంది. అతని జబ్బు సైనిక సేవ వల్ల వచ్చిందా, సేవ వల్ల ముదిరిందా, రెండూ కాదా అని ఆ బోర్డు రాసే ఒక్క మాట మీద వైకల్య పింఛను ఆధారపడుతుంది. చేర్చుకునేటప్పుడు ఏ లోపమూ నమోదు చేయకుండా, పంపేటప్పుడు కారణం చూపకుండా సేవతో సంబంధం లేదనడం కుదరదని 2013లో ధరమ్‌వీర్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అయినా సాయుధ దళాల ట్రైబ్యునల్ ముందుకు ఇలాంటి కేసులు వస్తూనే ఉన్నాయి. పశ్చిమ గోదావరి జిల్లాలో తరతరాలుగా సైన్యానికి బిడ్డలను పంపుతున్న మాధవరాన్ని జనం మిలటరీ మాధవరం అనే పిలుస్తారు. అలాంటి ఊరికి నడుము విరిగి తిరిగొచ్చిన హవల్దారు ఢిల్లీతో వ్యాజ్యం నడపాలంటే వకీలు ఫీజుకు పొలం వైపు చూడాలి. బోర్డుల రాతలో పదేపదే దొర్లే పొరపాటును పట్టుకోవాలంటే అయిదేళ్ల కేసులు, వాటి మీద వచ్చిన తీర్పులు ముందేసుకుని చదివే కమాండెంట్ కావాలి. తన హయాంలో రాసిన అభిప్రాయం కోర్టులో నిలిచిందో లేదో ఇప్పుడున్న కమాండెంట్‌కు తెలిసే దారే లేదు. తీర్పు వచ్చేసరికి ఆయన అక్కడ ఉండరు.

ఇక అసలు భయం యుద్ధం గురించి. అఫ్గానిస్తాన్‌లో గాయపడ్డ అమెరికన్ సైనికుల్లో మరణించేవారి శాతం యుద్ధం తొలినాళ్లలో 20, చివరికి 8.6కు దిగింది. రక్తస్రావాన్ని ఆపే టూర్నికే, వెంటనే రక్తం ఎక్కించడం, గంటలోపు శస్త్రచికిత్సకు చేర్చడం, ఈ మూడూ అందులో పెద్ద పాత్ర వహించాయి. ఇంకో కోణంలో చూస్తే, ఆ పాఠం నేర్చుకునేలోగా పోయిన ప్రాణాలు ఎన్నో ఆ అంకెల్లోనే ఉన్నాయి. రెండు యుద్ధాల మధ్య సైనిక వైద్యం జారిపోతుందని, కొత్త యుద్ధం మొదట్లో పాత పాఠాలు మళ్లీ నేర్చుకోవాల్సి వస్తుందని బ్రిటిష్ నౌకాదళ వైద్యాధికారి అలాస్డెయిర్ వాకర్ హెచ్చరించారు. ఆ జారుడుకు ఇప్పుడు ఆయన పేరే పెట్టి చెబుతున్నారు. బ్రిటన్ తన సైనిక ఆసుపత్రులను ఒక్కొక్కటిగా మూసేసి, చివరిదైన హాస్లార్‌ను కూడా వదులుకుంది. సైనిక వైద్యులను పౌర ఆసుపత్రుల్లో కలిపి పనిచేయించడం వల్ల కనీసం వారి చేతికి పని తప్పలేదు.

కార్గిల్‌లో మనవాళ్లు 527 మంది మరణించారు, 1,363 మంది గాయపడ్డారు. ఆ 1999 వేసవిలో శ్రీనగర్‌లో, లేహ్‌లో రాత్రింబవళ్లు ఆపరేషన్లు చేసిన సర్జన్లలో ఎక్కువమంది ఈపాటికి విరమించి ఉంటారు. సర్వీసులో మిగిలినవారు కత్తి పక్కనపెట్టి కమాండ్ కుర్చీల్లో ఉండే వయసుకు వచ్చారు. వారికి తెలిసింది కింది తరానికి అందే ఏర్పాటు ఏది? ఉన్న కొద్దికాలంలో ఆ కుర్చీ వారిని థియేటర్ వైపు వెళ్లనివ్వదు. రేపు సరిహద్దులో పెద్ద పోరే వస్తే ఒక్క రాత్రిలో వందలమంది క్షతగాత్రులు దిగుతారు. వారి ముందు నిలబడే యువ సర్జన్ తన సర్వీసులో చేసినవి హెర్నియాలూ పిత్తాశయం రాళ్లే అయితే ఆ లోటును ధైర్యసాహసాలు పూడ్చలేవు.

చేయవలసింది తెలియనిదేమీ కాదు. కమాండ్ ఆసుపత్రి నాయకత్వానికి కనీసం మూడేళ్లు మిగిలి ఉన్నవారినే ఎంచాలి. అందుకు సెలక్షన్ బోర్డు ఇప్పటికంటే ముందే కూర్చోవాలి. మంచి సర్జన్ థియేటర్ వదలకుండానే మేజర్ జనరల్ దాకా వెళ్లే ఖాళీలు పెంచాలి. అప్పుడు కమాండ్ కోరుకునేవారే కమాండ్‌కు వస్తారు. ఆసుపత్రిని నడపడం ఒక వైద్య శాఖ అంత శ్రద్ధ కోరే పని, ఆపరేషన్లు చేసి అలసిన చేతులకు చివర్లో ఇచ్చే బహుమానం కాకూడదు. నర్సింగ్ అధికారుల మాటా ఇక్కడ చెప్పాలి. వార్డుల్లో ముప్పై ఏళ్లు గడిపిన మిలటరీ నర్సింగ్ సర్వీసు అధికారికి ఆసుపత్రి కమాండ్ దారి మన దగ్గర మూసే ఉంది. అమెరికా ఆర్మీలో వాల్టర్ రీడ్ ఆరోగ్య వ్యవస్థకు కమాండ్ వహించిన నర్సు ప్యాట్రిషియా హొరోహో 2011లో సర్జన్ జనరల్ అయ్యారు.

అన్నిటికంటే త్వరగా మొదలుపెట్టగలిగేది ఒకటుంది. సికింద్రాబాద్ తిరుమలగిరిలోని సైనిక ఆసుపత్రికీ గాంధీ ఆసుపత్రికీ మధ్య ఉన్నది కొద్ది కిలోమీటర్లు. విశాఖలో నౌకాదళ ఆసుపత్రి కల్యాణికీ కింగ్ జార్జ్ ఆసుపత్రి కేజీహెచ్‌కీ మధ్య దూరం కూడా అంతే. రోడ్డు ప్రమాదాల్లో ఛిద్రమైన శరీరాలు ఆ రెండు పెద్దాసుపత్రులకూ రోజూ వస్తాయి. రాత్రి డ్యూటీలో చేతులు చాలవు. సైనిక సర్జన్లు, మత్తు వైద్యులు, నర్సులు ఏటా కొన్ని నెలలు అక్కడ పనిచేసేలా రక్షణ శాఖ రెండు రాష్ట్ర ప్రభుత్వాలతో ఒప్పందం రాసుకోవాలి. ఆ ఒప్పందాన్ని ఏళ్లపాటు వెంటపడి నడిపించే కమాండెంట్‌ను ఆ రెండు సైనిక ఆసుపత్రుల్లోనూ కూర్చోబెట్టాలి, మధ్యలో లేపకూడదు.