కాలు నొప్పి కాలిదేనా?

ముషీరాబాద్ నుంచి ఒక సోదరి రాసిన ఉత్తరంలో రెండు పేజీలు నొప్పి గురించీ, చివర రెండు లైన్లు అసలు భయం గురించీ ఉన్నాయి. వయసు 44. రెండు కాన్పులూ ఆపరేషన్లే. రెండేళ్ళుగా కుడి మోకాలు నొప్పి, మెట్లు దిగేటప్పుడు మరీ ఎక్కువ. తొడ పక్క నుంచి పిక్క దాకా లాగుతుందట. ఎక్స్‌రే తీస్తే "కొంచెం అరుగుదల" అన్నారు. మెడికల్ షాపులో ఇచ్చిన నొప్పి మాత్రలు, మోకాలికి క్యాపు, నువ్వుల నూనె మర్దన అన్నీ అయ్యాయి. పొద్దున్నే బస్సెక్కి ఉస్మానియా క్యాంపస్‌కి వెళ్ళి ఆర్ట్స్ కాలేజీ ముందు అందరితోపాటు నడక మొదలుపెడితే, నాలుగో రోజుకి నొప్పి ఇంకా పెరిగి మానేశారు. ఇక చివరి మాట: "కింద కూర్చుంటే లేవలేకపోతున్నాను. మా అత్తగారే పీట మీద కూర్చుంటుంటే, నేను పూజ దగ్గర కుర్చీ వేసుకోవాలంటే సిగ్గుగా ఉంది. మోకాలు మార్పించుకోవాల్సిందేనా?"

అమ్మా, ఉత్తరం చూసి ఆపరేషన్ కావాలో వద్దో చెప్పడం ఎవరి తరమూ కాదు. కానీ 44 ఏళ్ళకి ఎక్స్‌రేలో కాస్త అరుగుదల కనిపించడం వింతేమీ కాదు. నొప్పి అన్నదే ఎరగనివాళ్ళకి తీసినా చాలామందిలో కనిపిస్తుంది. ఫిల్ములో బాగా అరిగినట్టున్నవారు హాయిగా తిరుగుతూంటారు, ఏమీ లేదన్నవారు కుంటుతూంటారు. కీలు మార్పిడి అనేది అరుగుదల బాగా ముదిరి, మందులకీ వ్యాయామానికీ లొంగక, నడకా నిద్రా కూడా చెడిపోయినప్పుడు ఆలోచించే సంగతి. మీరు అక్కడిదాకా రాలేదనే అనిపిస్తోంది. పైగా మీ ఉత్తరంలో మీరే రాసి, మీరే కొట్టిపారేసిన ముక్క ఒకటుంది. "తుమ్మినా దగ్గినా చుక్క పడుతుంది, అది వేరే సంగతిలెండి" అన్నారు. వేరే సంగతి కాకపోవచ్చు.

మన పొట్టనీ నడుమునీ కలిపి ఒక డబ్బా అనుకోండి. పైమూత ఊపిరి ఆడించే పొర, డయాఫ్రం. అడుగున గర్భసంచినీ మూత్రాశయాన్నీ మోసే కటి కండరాలు. ముందూ పక్కలా, మనం కుచ్చిళ్ళు దోపుకునే చోట, నడికట్టులా చుట్టుకుని ఉండే లోపలి పొట్ట కండరం. వెనక వెన్నుపూసల్ని ఒకదానికొకటి పట్టి ఉంచే పొట్టి కండరాలు. ఈ నాలుగూ ఒక్కమాట మీద బిగిస్తేనే నడుము స్థిరంగా ఉంటుంది. జిమ్ముల్లో 'కోర్' అంటున్నది దీన్నే. నిచ్చెన ఎక్కేవాళ్ళకి కింద ఒకరు పట్టుకుని నిలబడతారు చూడండి, కాళ్ళకి ఈ డబ్బా అలాంటిది. పట్టుకునేవారు ఏమరుపాటుగా ఉంటే ఎక్కేవారి కాళ్ళు వణుకుతాయి.

ఇది ఊరికే పోలిక కాదు. 1990లలో ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయంలో పాల్ హాడ్జెస్, కెరొలిన్ రిచర్డ్‌సన్ అనే ఫిజియోథెరపీ పరిశోధకులు కండరాల్లోకి సన్నటి తీగలు పంపి కొలిచారు. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళు కాలు కదపబోతే, కాలి కండరం కంటే ముందే లోపలి పొట్ట కండరం బిగుసుకుంటోంది. నడుంనొప్పి ఉన్నవాళ్ళలో అది ఆలస్యంగా మేలుకుంటోంది.

ఆ డబ్బాకీ మోకాలికీ మధ్య ఇంకో మనిషి ఉంది, అది పిరుదు పక్క కండరం. దాన్ని మీరే పరీక్ష చేసుకోవచ్చు. బీరువా అద్దం ముందు, పడిపోకుండా పక్కన కుర్చీ పెట్టుకుని, ఒక్క కాలి మీద నిలబడండి. ఎత్తిన కాలి వైపు నడుము కిందికి జారిందా? నిలబడిన మోకాలు కొంచెం వంచితే బొటనవేలి వైపు, లోపలికి పోతోందా? అలాగైతే మెట్టు దిగిన ప్రతిసారీ మోకాలి చిప్ప పక్కకి ఒరుసుకుంటున్నట్టే. నొప్పి చెప్పేది మోకాలు, పని ఎగ్గొట్టింది తుంటి. ఇంటిపనిలో మన అలవాట్లు కూడా దీనికి తోడు. పిల్లని ఎప్పుడూ ఒకే చంకనెత్తుకోవడం, నిండు బకెట్ ఒకే చేత్తో మోయడం, స్టవ్ దగ్గర గంటసేపు ఒకే కాలి మీద బరువు వేసి నిలబడటం, టీవీ ముందు కాళ్ళు రెండూ ఒకే పక్కకి మడిచి కూర్చోవడం. ఏ ఒక్కటీ నేరం కాదు, ఇరవై ఏళ్ళు ఒకే వైపు చేస్తేనే చిక్కు.

బాలింతలకి మన పెద్దవాళ్ళు పాత చీరతో నడుం కట్టు కట్టేవారు. పొట్ట లోపలికి పోతుందని వాళ్ళ నమ్మకం. కాన్పుకి సాగిపోయిన కండరాలకి కొన్నాళ్ళు ఆసరాగా, హాయిగా అనిపించడం నిజమే. కానీ కట్టు కండరానికి పని నేర్పదు, ఎవరో ఒకరు నేర్పాలి. పురిటి స్నానం, కాయం, పత్యం అన్నీ శ్రద్ధగా చూసే మన ఇళ్ళల్లో, మూడో నెలలో "అమ్మాయి పొట్ట కండరాలు కలిశాయా, మూత్రం ఆపుకోగలుగుతోందా" అని అడిగేవాళ్ళు ఎక్కడున్నారు చెప్పండి? సిజేరియన్ అయితే కోత మానిందా లేదా అని చూసి పంపేస్తారు. ఆ అడుగు కండరాల నీరసం ఇరవై ఏళ్ళ తర్వాత తుమ్ములో బయటపడుతుంది, మనం సిగ్గుపడి ఊరుకుంటాం.

అయితే కాలు నొప్పి అనగానే కోర్, కోర్ అని ఊదరగొట్టేవాళ్ళంటే నాకు చిరాకే. 2016లో కొక్రేన్ సంస్థ పరిశోధకులు దీర్ఘకాలపు నడుంనొప్పి మీద జరిగిన పరీక్షలు పోగేసి చూస్తే, ఈ లోపలి కండరాల వ్యాయామాలు ఏమీ చేయకపోవడం కంటే మేలేగానీ, మిగతా వ్యాయామాల కంటే పెద్ద తేడా ఏమీ చూపలేదు. మోకాలి చిప్ప నొప్పికి మాత్రం మోకాలికీ తుంటికీ కలిపి చేయించడం మంచిదని నిపుణులు చెబుతున్నారు. ఒక్క చోటే తవ్వుతూ కూర్చోవద్దని దీని అర్థం.

మన పక్కనే ఉన్న ఉదాహరణ చెబుతాను. తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఉంది కదా, 1918లో కూనూరులో మొదలై 1958లో హైదరాబాద్‌కి వచ్చింది. 1970ల మొదట్లో నల్లగొండ జిల్లా పల్లెల్లో ఎదిగే పిల్లలకి మోకాళ్ళు లోపలికి వంగి, ఒకదానికొకటి తగిలి, నడవడమే కష్టమైపోయింది. ఆ సంస్థకి చెందిన కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి దాని గురించి 1973లో లాన్సెట్ వైద్యపత్రికలో రాశారు. మూలం మోకాల్లో లేదు, తాగే నీళ్ళలోని ఫ్లోరైడులో ఉంది. అక్కడితో ఆగకుండా, ఆ ఊళ్ళ జొన్నల్లో, బియ్యంలో రాగి, మాలిబ్డినం లాంటి ఖనిజాలు ఎలా ఉన్నాయో కూడా పరీక్షించారు. ఎముకల డాక్టరు ఒక్కడే కూర్చుని ఉంటే కాళ్ళు సరిచేసేవాడేమో, నీళ్ళ సంగతి తేలేది కాదు.

మన ఇళ్ళల్లో కాలు నొప్పికీ ఇలాగే నాలుగు దారులున్నాయి. నడుము దగ్గర నరం నొక్కుకుంటే నొప్పి పిరుదు నుంచి పిక్క దాకా తీగలా దిగుతుంది. షుగరు ఉంటే అరికాళ్ళు మంటలు, తిమ్మిర్లు. ఉబ్బు నరాలుంటే సాయంత్రానికి కాళ్ళు బరువెక్కుతాయి. డి విటమిన్ బాగా తగ్గితే ఎముకలతోపాటు తొడ, తుంటి కండరాలూ నీరసిస్తాయి. అప్పుడు సరిగ్గా ఈ సోదరి చెప్పినట్టే ఉంటుంది, కింద కూర్చుంటే చెయ్యి ఊనకుండా లేవలేరు. అపార్టుమెంటు వంటింట్లో ఎండ ఎక్కడిది? రక్తపరీక్ష చేయిస్తే తేలిపోతుంది. పక్కింటావిడ వేయించుకుందని మీరూ డి ఇంజెక్షన్ వేయించుకోకండి, ఎక్కువైనా ప్రమాదమే. కాల్షియం సంగతి మన చేతిలోది. పెద్దవాళ్ళకి రోజుకి 1000 మిల్లీగ్రాములు కావాలని పోషకాహార సంస్థ లెక్క. 100 గ్రాముల రాగుల్లోనే దాదాపు 350 ఉంటుంది. రాగి సంకటి, రెండు పూటలా పెరుగు, తోటకూర పప్పు, మధ్యలో నువ్వుండ ఉంటే చాలావరకు గడుస్తుంది.

మరి ఎక్కడికి వెళ్ళాలి? ముషీరాబాద్ వాళ్ళకి గాంధీ ఆస్పత్రి ఉంది. పాత జైలు ఉన్న స్థలంలోకి 2003లో సికింద్రాబాద్ నుంచి మారింది. పెద్ద ఆస్పత్రి లాభం ఏమిటంటే ఎముకల విభాగం, జనరల్ మెడిసిన్, స్త్రీల విభాగం, ఫిజియోథెరపీ ఒకే ఆవరణలో ఉంటాయి. నష్టం ఏమిటంటే ఒక గదిలో చెప్పింది ఇంకో గదికి చేరదు. అందుకని పిల్లల పాత నోటుబుక్కు ఒకటి తీసుకుని, నొప్పి ఎప్పుడు మొదలైంది, ఏ పనికి పెరుగుతుంది, ఎన్ని కాన్పులు, వాడిన మాత్రల పేర్లు, చుక్క పడే సంగతితో సహా రాసుకోండి. ఓపీ చీటీలూ రిపోర్టులూ అందులోనే అంటించండి. ఎముకల డాక్టరు ముందు కూర్చున్నా, స్త్రీల డాక్టరు ముందు కూర్చున్నా అదే పుస్తకం తెరవండి. ఫిజియోథెరపిస్టు దగ్గర కరెంటు పెట్టించుకుని వచ్చేయకండి. "నా నడక చూడండి, నేను మెట్టు దిగడం చూడండి" అని అడగండి. నొప్పి మాత్రలు మాత్రం చీటీ లేకుండా నెలల తరబడి మింగకండి. కడుపులో పుండు, కిడ్నీ చేటు, బీపీ పెరగడం, అన్నీ వాటివల్ల రావచ్చు.

డాక్టరు సరేనన్నాక ఇంట్లో చేసుకునేవి చెబుతాను. చాప మీద వెల్లకిలా పడుకుని మోకాళ్ళు మడవండి. ఊపిరి వదులుతూ, మూత్రం ఆపుకున్నట్టు కింద బిగించి, బొడ్డు కింది భాగాన్ని మెల్లగా లోపలికి లాగండి. ఐదు లెక్కపెట్టి వదలండి. ఊపిరి బిగబట్టకూడదు, అందరూ అక్కడే పొరపడతారు. పది సార్లు చాలు. అది అలవాటయ్యాక అదే భంగిమలో నడుము పైకెత్తి దించడం. తర్వాత పక్కకి తిరిగి పడుకుని పైకాలు జానెడు ఎత్తి దించడం. ఇక కుర్చీ. కుర్చీ మీద రెండు దిండ్లు వేసి, చేతులు ఊనకుండా లేచి కూర్చోవడం పది సార్లు. రెండు వారాలకి ఒక దిండు తీసేయండి, ఆ తర్వాత రెండోది, ఆ తర్వాత ఎత్తు స్టూలు, చివరికి పీట. మూడు నాలుగు నెలలు పట్టినా పరవాలేదు. అంతవరకు పూజకి కుర్చీ వేసుకోండి, దేవుడేమీ అనుకోడు. అత్తగారేమైనా అంటే ఈ పేజీ చూపించండి.

నడక మానొద్దు. క్యాంపస్‌లో అందరితో సమానంగా గంట నడవడం మొదటి రోజే ఎందుకు? చదును రోడ్డు మీద పది నిమిషాలతో మొదలుపెట్టండి. మర్నాడు పొద్దుటికి నొప్పి పాత స్థాయికి వచ్చేస్తే వారానికి రెండు మూడు నిమిషాలు పెంచండి, రాకపోతే తగ్గించండి. ఎత్తూ పల్లం రోడ్లు తర్వాత చూసుకోవచ్చు.

కొన్నిటికి మాత్రం వ్యాయామమూ కాపడమూ పనికిరావు. ఒక్క పిక్కే హఠాత్తుగా వాచి వేడెక్కడం, పాదం పైకి లేవకుండా జారిపోవడం, మూత్రం ఉన్నట్టుండి బిగబట్టడం లేదా తెలియకుండా పోవడం, కూర్చునే చోట స్పర్శ తెలియకపోవడం, జ్వరంతో కీలు ఎర్రగా వాచడం, షుగరు ఉన్నవారికి పాదం మీద పుండు. వీటిలో ఏది కనిపించినా వంట మధ్యలో ఉన్నా స్టవ్ ఆపేసి అదే రోజు ఆస్పత్రికి బయలుదేరండి, రాత్రయినా సరే.